వాసన

తాగాడని మొదట అన్నది నేనే.

జుగ్దిది నుంచి మెస్తియాకి కొండెక్కే చిన్న బస్సు.
పద్నాలుగు సీట్లు, పంతొమ్మిది మందిమి,
కాళ్ళ మధ్య బంగాళాదుంపల గోతాలు, ఎవరిదో కుట్టుమిషను.
కిటికీకి అవతల ఎంగురి నది, చాలా కింద,
చూడకపోతేనే మంచిదనిపించేంత కింద.

మల్ఖాజ్ ఇరవై రెండేళ్ళుగా ఈ దారిలోనే బండి తోలుతున్నాడు.
సొరంగం దాటాక ఒక మలుపు వచ్చింది,
ఆయన రాలేదు.
రేకు గోడకి రాసుకుని నిప్పులు రాలాక
ఎవరో కేకపెడితే బ్రేకు పడింది.

ఏమైందయ్యా అంటే
"ఎవరిదీ బండి?" అన్నాడు. నవ్వాడు కూడా.
నాలుక మాటకి అడ్డం పడుతోంది.
బయట మంచు కురుస్తోంది, లోపల ఆయన చొక్కా పిండితే నీళ్ళు.
స్టీరింగు మీద వేళ్ళు వాటంతటవే ఏదో టైపు చేస్తున్నాయి.

తాగాడు, అన్నాను.
లెక్కల టీచర్ని, నా మాటకి విలువుంది.
ఒకతను కాలరు పట్టుకున్నాడు.
ఇంకొకతను తాళంచెవి లాగేశాడు,
మేం చేసిన మంచిపని అదొక్కటే.

వెనక సీటు నుంచి ఎతేరి వచ్చింది
చీజు బుట్టల మీదుగా, మా మోకాళ్ళ మీదుగా.
ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి
తాపీగా, సంతలో సరుకు చూసినట్టు, వాసన చూసింది.
"సారా లేదు. ఉత్త చెమట."
జేబులు దేవింది, అందరి ముందూ, పెళ్ళాంలా.
ఇన్సులిన్ పెన్ను. అరచేతిలో ఇమిడే మీటరు.
కాగితంలో చుట్టిన రొట్టె, కొరకనిది.

పెన్ను చూసి "సూది వేద్దామా" అన్నానా,
నా చేతిమీద ఒక్కటిచ్చింది.
"వేసుకున్నాడు కనకే ఇలా అయ్యాడు! తిండి లేదు, తీపి కావాలి."

వేలి చివర రక్తపు బొట్టు. ముప్పై ఎనిమిది.
లెక్కల టీచర్ని, ఆ అంకె నాకు అర్థం కాలేదు.

ఎవరో చక్కెర లేని కోలా ఇస్తే వెనక్కి తోసింది.
తెక్లే అనే పిల్ల తన బేరిపండు సోడా ఇచ్చింది, సగం తాగింది.
"మింగగలవా నువ్వు? నా వైపు చూడు. మింగు."
గుటక కిందకి దిగాకే రెండో గుటక.
"స్పృహ తప్పితే మాత్రం చుక్క పొయ్యొద్దు,
పక్కకి తిప్పండి, నూట పన్నెండుకి చెయ్యండి" అంది మాతో.
నా ఫోనులో సిగ్నల్ గీత ఒకటి
వస్తోంది, పోతోంది.

ఇక పదిహేను నిమిషాలు.
నేనే గడియారం చూశాను, నాకు చేతనైంది అదే.
ఆ నిశ్శబ్దంలో ఎతేరి ఎవరితోనూ కాకుండా అంది:
"మా ఆయనా అలాగే తూలుతూ వచ్చాడు ఒక రాత్రి.
తాగాడనుకుని తలుపు తియ్యలేదు."

మళ్ళీ బొట్టు. అరవై ఒకటి. మళ్ళీ సోడా, మళ్ళీ గడియారం.
తొంభై నాలుగుకి మల్ఖాజ్ రొట్టె అందుకున్నాడు,
తన చొక్కా తనే ముట్టుకుని చూసుకున్నాడు.
"నన్నెవరు తడిపారు?"

ఎవరం మాట్లాడలేదు.
నేను వంగి ఆయన కాలరు సరిచేశాను.
దాన్ని పట్టుకున్నది నా చెయ్యి కాదు, అయినా.

తాళంచెవి ఎతేరి ఒళ్ళోనే ఉండిపోయింది.
ఇంకో బండి వచ్చేదాకా
ఆవిడ బుట్టలోని చీజు పంచుకు తిన్నాం.
డబ్బు పుచ్చుకోలేదు.
మల్ఖాజ్ మాత్రం వేళ్ళు మడిచి మమ్మల్ని లెక్కపెడుతున్నాడు,
ఛార్జీ ఎవరివ్వలేదో.