రాయకూడని పద్దు

కిలో పద్నాలుగు అన్నాడు పాతపేపర్ల అబ్బోడు.
కొక్కెం తరాజు గుమ్మానికి తగిలించి
ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలు మూడూ ఎక్కించినాడు.
ముల్లు నిలబడేలోగా
పైదాన్ని తీసి ఊరికే తెరిచినాను.

పుటలకు మూలలు లేవు.
బెల్లం వేళ్ళతో తిప్పినవి గదా,
చీమలు ముందే చదివేసినాయి.

మొగిలమ్మ, మా అవ్వకు అమ్మ.
ఇరవై రెండేండ్లకు మొగుడు పోతే
చిత్తూరు మండీలో మూడు గానుగల సరుకూ
ఆరుగురు అప్పులోళ్ళూ మిగిలినారు.
వేలిముద్ర వేసి మోసపోయింది ఒక్కసారే.
ఆ తరవాతి పద్దు ఇది, వంకర అక్షరాలు:
"టేసను పార్సిలు గుమస్తా అయకి ఈసె బెలం. సదువు కూలి."
వారానికి వీశె.
ఆర్నెల్లకు ఒత్తులొచ్చినాయి,
ఏడాదికి చక్రవడ్డీ వచ్చింది.
చదువు అయిపోయింది,
కూలి మాత్రం ఆగలేదు.
ఆయన్ని ధర్మవరానికి మార్చినారు.
కార్తీకానికొక పార్సిలు, పదకొండేండ్లు,
రైలు కిరాయితో సహా, అణా తేడా లేకుండా.
పన్నెండోది తిరిగొచ్చింది.
"తీసుకునేవాళ్ళు లేరు. సరుకు జమ."
ధర గడి ఖాళీ.
బతుకంతటిలో ఆమె వదిలేసిన గడి అదొక్కటే.
ఆ ఏడే ఇంకో రెండు మండీలు కొనింది.

రెండో పుస్తకం అవ్వది. అమరావతి.
చేతిరాత కాదు, కత్తిపీట.
ఆ కాలంలో ధర నోటితో చెప్పరు,
తుండుగుడ్డ కప్పి, కింద వేళ్ళు పట్టి చెప్తారు.
ఆడది ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టేదెట్లా అని
మండీ అంతా నవ్వింది.
అవ్వ పెట్టింది.
నవ్వు ఆగినాక, లారీల గఫూరు
రెండు వేళ్ళు పట్టాల్సిన చోట మూడు పట్టినాడు.
"మణుగుకు అర్ధరూపాయి ఎక్కువిచ్చినాడు. వేలు ఇంకా విడవలేదు."
అదే చేతులతో ఇరవై ఏండ్లు
వేలంలో ఒకరినొకరు కోసుకున్నారు.
ఆయన దివాలా తీసిన దినం
అంగడి పాడుకున్నది అవ్వే.
"కొన్నాను. బోర్డు మార్చలేదు."
నేను పుట్టేనాటికి కూడా మా కొట్టు మీద
గఫూరు అండ్ సన్స్ అనే ఉండేది.
ఆయన పెండ్లే చేసుకోలా.
సన్స్ ఎవరని ఊర్లో ఎవరూ అడగలా.

మూడోది మాయమ్మది. బాల్‌పెన్ను.
నల్లబెల్లం సారాకు పోతాదని
ఎక్సైజోళ్ళు తలుపుకు సీలేసిన దినాలు,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ అప్పుకు నలభై మూడు సంతకాలు,
భర్త సంతకం ఏదమ్మా అంటే
"ఆయన చిరునామా దొరికితే నాకూ చెప్పండి" అన్న మేనేజరు గది,
అన్నీ ఉండాయి.
తీపి అనే మాట సరుకులో తప్ప ఎక్కడా లేదు.
నూటపన్నెండు దాటితే మాత్రం
కుట్టులో ఇరుక్కున్న సన్నని అంచు.
పుట లేదు.

"ఏముండిందిమా ఇక్కడ?"
వసారాలో చింతపండు గింజలు తీస్తా
తలెత్తలేదు మాయమ్మ.
"లెక్క తప్పింది. చించేసినా."
"ఎంత తప్పింది?"
ఒక గింజ. ఇంకో గింజ.
"ఎంతో తెలిస్తే తప్పెట్లయితాదే?"

నా లెక్కలు కంప్యూటర్లో.
మొత్తం వెయ్యకుండా ముందుకు పోనీదు,
గడి ఎర్రగా మండతాది.
అందుకే ఎక్కించని పద్దొకటి నాకూ ఉంది.
పీలేరు బస్సు, కిటికీ పక్క సీటు,
దిగినాక కూడా వెచ్చగా ఉన్న టికెట్టు.
ఇంతకుమించి చెప్పను.

"ఆరుంపావు అక్కా. ఎనభై ఏడున్నర.
తొంభై ఇస్తాలే."
ముగ్గురాడోళ్ళు, ఆరుంపావు కిలోలు.
దించుకున్నాను.
అబ్బోడి మొగం చిన్నబోతే
కాటా కూలి అని
అచ్చుబెల్లం ఒకటి చేతిలో పెట్టినాను.
సైకిలెక్కకముందే కొరికి
కండ్లు మూసుకున్నాడు.

దీన్ని ఏ ఖాతాలో రాయాలో తేలక
పొద్దుట్నుంచీ
పెన్ను మూత తీసుకొని కూర్చోనుండాను.