అబ్రకం పాఠం

మూడో తరగతి పుస్తకంలో మా ఊరు లేదు.
కోటలున్నాయి, గుర్రాలున్నాయి,
కిరీటం పెట్టుకున్న ఒకాయన
పక్కకు తిరిగి నిలబడి ఉన్నాడు.
సైదాపురం దాటి, ఇక రానని బస్సు మొరాయించే చోట
దిగి నడిస్తే వచ్చే ఎర్రమిట్ట కండ్రిగ
ఏ పేజీలోనూ లేదు.

వాన వెలిసిన పొద్దున మాత్రం
ఇరవై మూడు జతల కాళ్లు
మెరుస్తూ వస్తాయి బడికి.
జడల్లో, చెప్పుల సందుల్లో,
మధ్యాహ్నం అన్నం పళ్లేల అంచున కూడా
తళుక్కుమనే సన్న రేకులు.
"ఏందివి?" అన్నాను.
"మట్టి, టీచర్."

ఇంట్లో అడిగి రమ్మన్నాను.
దెయ్యాల అద్దాలని తెచ్చాడు జాషువా.
చుక్కలు రాలాయని దీక్షిత.
"పని చూసుకోమన్నాడు టీచర్, మా నాయన"
అని హజరత్, తల ఎత్తకుండా.
లోహిత ఏమీ చెప్పలేదు.
వాళ్ల జేజినే పట్టుకొచ్చింది.

వెంగమ్మ కుర్చీ వద్దంది.
గడప మీద కూర్చుని, కొంగు ముడి విప్పి
అరిగి అరిగి చేపముల్లంత మిగిలిన కత్తి తీసింది,
అరచేతి మందాన రాయి ఒకటి.
"గనిలో దీన్ని బుక్కు అనేవోళ్లం.
దొరలన్నారు, మేమూ అన్న్యాం.
బుక్కంటే పుస్తకమని
మొన్న మా లోహిత చెప్తే తెలిసె."

అంచుకు మొన తాకించింది.
పొర లేచింది, ఉల్లిపొర కన్నా పల్చగా.
పిల్లలు ఒకరి తర్వాత ఒకరు
దాన్ని కంటికి పెట్టుకుని
జెండాకొయ్యను చూశారు, నన్ను చూశారు,
వెంగమ్మను చూశారు.

"ఎప్పుడు జేజీ ఇదంతా?"
"తారీకులు నాకేం తెలుసబ్బా.
గాలివానకు తాళ్లు కూలిన ఏడు పన్లో చేరినా.
పెద్దోడు కడుపులో ఉండంగా దినానికి ఎంతో కొంత పెంచినారు.
గని మూసినాక ఎద్దుల్ని అమ్మినాం."

ఇలాంటి ఏళ్లకు అంకెలెలా వేయాలో
నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.
బావితాడు తెచ్చి కట్టాం,
జెండాకొయ్య నుంచి కొళాయి దాకా.
బట్టల క్లిప్పులు, పాత నోటుబుక్కు చీటీలు.
గాలివాన ఇక్కడ. కరెంటు ఇక్కడ.
రేడియో ఇక్కడ. దాని కడుపులో
మీ జేజి చీల్చిన పొర ఉండొచ్చు అన్నాను.
'ఉండొచ్చు' అనే మాటను బోర్డు మీద రాసి
కింద రెండు గీతలు గీశాను.

మూడో రోజు హజరత్ చీటీ తెచ్చాడు, నాలుగు మడతలది.
వాళ్ల నాయన దస్తూరి.
తాత పేరు, దాని కింద 'నీళ్లగుంత'.
అంతే.
ఆ గుంత నాకు తెలుసు.
ఈతకు పోతే వీపు చీరుతానని
ఆరేళ్లుగా అరుస్తున్న గుంత.
అది ఒకప్పుడు గుంత కాదని, దాన్లోకి నిచ్చెన ఉండేదని,
పైకి రాని వాళ్లున్నారని
నాకూ ఎవరూ చెప్పలేదు.

చీటీ పట్టుకుని తాడు ముందు నిలబడిపోయాను.
చిన్నపిల్లలు. ఇది చెప్పొచ్చా?
వెంగమ్మ నా చేతిలోంచి తీసుకుంది.
తాడు వెంబడి నడిచింది,
గాలివాన దాటి, కరెంటు దాటి,
రేడియోకు జానెడు ఇవతల ఆగి
"ఈడ" అంది.
క్లిప్పు తనే పెట్టింది, రెండోసారికి పట్టింది.
"షెడ్లోనే ఉండా ఆ పొద్దు.
కత్తి కింద పెట్టలా. పెడితే కూలి కోస్తారని."

ఎవరూ ఏమీ అడగలేదు.
హజరత్ మాత్రం వచ్చి
చీటీ గాలికి తిరగబడితే
పేరు కనబడేలా సరిచేసి పోయాడు.
తర్వాత రెండుసార్లు.

బెల్లయ్యాక తాడు విప్పబోతే
కొస దగ్గర, కొళాయి తడి తగిలే చోట
పెంచలసాయి చీటీ ఒకటి దొరికింది:
'మా బర్రె ఈనింది. దూడ పేరు రాణి.'
తీసేద్దామని చెయ్యెత్తాను.
వాడు చూస్తున్నాడు.
"తారీకు వెయ్యి నాయనా" అన్నాను.
నాలుక బయటపెట్టి, పెన్సిలు గట్టిగా నొక్కి
వాడు రాశాడు:
నిన్న.