దండాసి పద్దు

అయ్య పోయిన పదమూడో నాడు
వసారా వాసానికి వేలాడే గోనెసంచి దించాం.
రెండు చుట్టలు, సైకిలు ట్యూబు ముక్క,
అమ్మ మందుల చీటీలు, ఎప్పటివో,
రబ్బరు బ్యాండు వేసిన పొడుగు నోటుబుక్కు.

తెరిచాను. చదవలేకపోయాను.

నాది పాతపట్నం బడి,
మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకున్న తెలుగు.
అయ్యది కాశీనగరం బడి, నాలుగో తరగతి దాకా.
తలో గొడుగూ వేసుకుని
వానలో వరస కట్టినట్టుండే ఒడియా అక్షరాలు.
తెలుగులోనే తిట్టాడు, బేరమాడాడు, ఎడ్లని అదిలించాడు,
తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు.

దుంపల దండాసి.
వంశధార గట్టున ఎకరం పావు.
వరి తరవాత పెసలు, పెసల తరవాత ఎవరింటి పని ఉంటే అది.
గుణుపురం రైల్లో సీటు దొరికినా
అంచునే కూర్చునేవాడు
అసలువాళ్లు ఎక్కితే లేవాలి కదా అన్నట్టు.
కోపం వస్తే సైకిలు తుడిచేవాడు.
మా సైకిలు ఎప్పుడూ మట్టికొట్టుకునే ఉండేది.
పదో తరగతి తప్పి, పాసయ్యానని నేను బొంకిన రోజు
ఒక్కో ఊచా మెరిసింది.
ఆ రాత్రి అన్నంలో నెయ్యి ఎక్కువ వేసి
నా కంచం నా ముందుకు తోశాడు. అంతే.

తమ్ముడి కొడుకు లింగరాజు, ఒడియా బడిలో మూడో తరగతి,
మరమరాల గిన్నెతో వచ్చి నా ఒళ్లో చేరి
వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.
"గౌ... రాం... గొ పా... త్రో... కి..."
ఆగి, నా మొహం చూశాడు.
"అత్తా! ఇది మన మాటే!"

అవును. అక్షరం వాళ్లది, మాట మాది.
గౌరాంగ పాత్రోకి విత్తనం రెండు కుంచాలు. తీరిపోయింది.
ఎరువు కొట్టు, నూట ముప్పై. తీరిపోయింది.
వాడి నోట్లో అ-కారాలన్నీ ఒ-కారాలై
అమ్మ పేరు గున్నొమ్మొ అయింది,
మందులు మొందులయ్యాయి.
పదమూడు రోజుల తరవాత అమ్మ నవ్వింది.
కొంగు అడ్డం పెట్టుకుని, తప్పు చేసినట్టు.

"గున్నొమ్మొకి కొళ్లొద్దాలు."
పేజీ తిప్పితే మళ్లీ అదే.
ఇంకో పంట, ఇంకో పేజీ, మళ్లీ అదే.
ఆరోసారి దాని మీద గీత.
అమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ధర్మకి రిబ్బను. ఏడిసింది. దొరకలేదు."
నాకు గుర్తు లేదు.
ఏ రంగు అడిగానో, ఎప్పుడు ఊరుకున్నానో.
నలభై ఒకటి నాకిప్పుడు.
గీత లేదు దాని మీద.

ఇవ్వవలసినవే అన్నీ.
రావలసిన పద్దు కోసం
అట్ట లోపల కూడా వెతికాం.
మొన్న ముగ్గురు వచ్చారు, ఒకరి వెనక ఒకరు,
గడప మీద డబ్బు పెట్టారు.
దేనికని అమ్మ అడిగితే
ఒకాయన తువ్వాలు దులుపుకుంటూ దిగిపోయాడు,
ఇంకొకాయన "మా ఇద్దరి మజ్జినీదిలే" అన్నాడు,
మూడో ఆయనకి గొంతు రాలేదు.

చివరి పేజీలో సిరా ఇంకా నల్లగా ఉంది.
"సొంబారి చింతపండు. చిల్లర ఎక్కువిచ్చింది.
పదకొండు. కొండ దిగితే ఇయ్యాలి."

సొంబారి ఎవరో అమ్మకి తెలుసు.
సవర ముసలామె,
ముక్కుకి రెండు పక్కలా పోగులు,
లెక్క వేళ్ల కణుపుల మీద వేస్తుందట,
సంతలో చివర, చీపుళ్ల పక్కన కూర్చుంటుందట.

ఎల్లుండి సంత.
పదకొండు రూపాయలు కొంగున ముడేశాను.
ఓ రూపాయి నాణెం కోసం ఇల్లంతా వెతకాల్సి వచ్చింది.
గీత మాత్రం తానే కొడతానని
లింగరాజు గుమ్మంలో కూర్చుని
పెన్సిలు చెక్కుకుంటున్నాడు.