వల తగులుకునే చోటు

మాలిన్ హెడ్‌కి వాయవ్యాన
వల తగులుకునే చోటొకటుంది.
కానల్ దాన్ని పటంలో గుర్తుపెట్టుకోలేదు,
చేతులకే తెలుసు.

ఇవాళ తుప్పుతో పాటు
బూటు అడుగొకటి పైకొచ్చింది.
తోలు పోయింది. మేకులున్నాయి.

ఆ జర్మన్ జలాంతర్గామి ఆరుసార్లు వేటకెళ్ళిందట.
ఆరోసారి రొట్టెలన్నీ తెల్లగా బూజుపట్టాయి;
పందొమ్మిదేళ్ళ వంటవాడు వెండెలిన్
కుందేళ్ళంటూ చెవులు పట్టి ఎత్తినట్టు ఎత్తి
లోపలి మెత్తన తవ్వి పెట్టేవాడు.
డీజిల్ కంపు లేని ముద్ద వాళ్ళెరగరు.

వాళ్ళు ముంచినవాటిలో ఒక ఓడలో
బొగ్గు ఎగదోసేవాడు కానల్ మేనమామ.
ఆ మాటెత్తితే అమ్మ
పొయ్యి వైపు తిరిగిపోయేది.

ఆఖరి రాత్రి నీటికింద ఉరిమిందట,
గిన్నెలో పాలు వణికి మీగడ చిట్లిందట.
తలుపు తీసి ఎవరూ చూడలేదు.

కానల్ మేకులు లెక్కపెట్టాడు, పదకొండు.
తిట్టబోయి మానుకుని
అడుగుని నీళ్ళకే వదిలాడు.

పన్నెండోది, సాయంత్రం
తెగిన వలకన్ను అల్లుతుంటే
బొటనవేలికి దిగింది.