మడమ

అంబాజీపేటలో కొబ్బరి కొట్టు మీది గది.
తొమ్మిదిమంది కూచిపూడి పిల్లలు.
టీచరమ్మ కబురు పెట్టింది:
"నెల్రోజులు గరగ నేర్పండి,
పిల్లలకి ఆవేశం తెలియాలి."

ఆవేశం!
సంచిలోంచి తీసి ఇచ్చే సరుకా?

తల మీద చెంబు తొణకదు,
పళ్లెం అంచున పాదాలు జారవు.
అందరి మొహాల్లో ఒకటే నవ్వు.
ముందది తీసెయ్యండమ్మా, అన్నాను.
తీశాక ఏం పెట్టుకోవాలో తెలీక
బిక్కమొహాలు వేశారు.

మా నాన్న నన్ను దమ్ము చేసిన మడిలో దింపి
గట్టు మీంచి డప్పు కొట్టేవాడు.
లాగితేగాని రాని కాలు,
దిగబడితేగాని ఆగని కాలు.
ఆ బరువే ఆట.
ఇక్కడ నున్నటి టైల్సు.
బురద ఎక్కణ్ణుంచి తేను?

మూడోవారం. ఉక్కపోత. కరెంటు లేదు.
వరండాలో కొబ్బరిపీచు మంట మీద
సూరన్న కాచిన డప్పు ఖంగుమంది.
అందరికన్నా చిన్నది, తన్మయి,
లెక్క మరిచిపోయి
మడమ దించింది.

కింద కాయల రాశి జారింది.
"పైన ఏటండీ బాబూ అది!"
కొట్టు శేషారావు కేక.
టీచరమ్మ కిటికీ దగ్గరికి పరిగెత్తింది.
పిల్ల నాకేసి చూసింది,
తిడతాననుకుని.
మొహంలో నవ్వు లేదు.

ఇంకోటి వెయ్యమ్మా, అన్నాను.
సగం రాశి ఇంకా నిలబడే ఉంది.