ఖాళీవి ముందు

అబూ హలీఫాలో ఆగస్టు.
పొద్దున ఏడింటికే కిటికీ అద్దం పెనం.
హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటానో లేదో
ఎర్రవన్నీ తెర పైకి తేలతాయి,
కాగే పప్పు మీద నురగలా.

అర్జెంట్ అనడానికి ఒక్క నొక్కు చాలు.
విల్లా పదమూడు: చేపల తొట్టిలో నీళ్లు వెచ్చబడ్డాయి. అర్జెంట్.
విల్లా నాలుగు: దివానియాలో ఏసీ గురక పెడుతోంది. అర్జెంట్.
మళ్లీ పదమూడు: ఇంకా ఎవరూ రాలేదేం? అతి అర్జెంట్.
అతి అర్జెంట్‌కి మా సాఫ్ట్‌వేర్‌లో రంగు లేకపోతే
మారివిక్ అడిగి మరీ పెట్టించింది, వంకాయ రంగు.
నెల తిరక్కుండా
సగం తెర వంకాయ తోట.

తేదీ ఉన్నవి తేదీ వరసన నిలబడతాయి.
తేదీ లేనివి అడుక్కి పోతాయి.
ఖాళీ గడిని చివరికి నెట్టమని
ఎవరో ఎప్పుడో ఒక టిక్కు పెట్టి వెళ్లారు,
వాళ్ల పేరు కూడా ఇక్కడెవరికీ గుర్తు లేదు.

రాయచోటిలో మా మేనమామ కొట్లో
గల్లాపెట్టె పైన "అప్పు రేపు" అని ఉండేది.
ఆ రేపుకి తేదీ లేదు గనకే
కొట్టు ఇరవై ఏళ్లు నడిచింది.
ఇక్కడ ఆ పలక పట్టుకు నిలబడింది నేనేనని
చాలా రోజులు నాకు తెలీలేదు.

ఒక మంగళవారం లింబాద్రి కుంటుతూ వచ్చాడు.
ఆర్మూరు దగ్గరి మనిషి, మాట పొదుపు,
రోజుకి పద్నాలుగు ఎర్రవి మూసే చెయ్యి.
"ఏమైంది?"
"ఏం లేదక్కా, ఆరో మెట్టు."
"ఏ ఆరో మెట్టు?"
"రాసిన గదా," అన్నాడు, "నిరుడు."

వెతికాను.
దిగాను, ఇంకా దిగాను,
తాడు చాలని చేదలా వేలాడుతూ.
రెండు వందల పన్నెండు బూడిద వరసల కింద ఉంది:
కార్మికుల వసతి, రెండో బ్లాకు,
మెట్ల మీద లైటు లేదు.
రాసింది లింబాద్రి.
గడువు దగ్గర గీత కూడా లేదు, ఉత్త తెలుపు.
దాని కింద ఒకే ఒక్క మాట: చూస్తాం.
పెట్టింది నేను.

శూన్యమాసంలో ముహూర్తాలుండవు, నిజమే.
అంతమాత్రాన సందెవేళ
దీపం పెట్టడం ఎవరు మానేశారు?

డబ్బాలో చింతకాయ పచ్చడన్నం అలాగే ఉంది.
సెట్టింగుల్లోకి వెళ్లి
"ఖాళీవి చివర" తీసి
"ఖాళీవి ముందు" పెట్టాను.
చాప తిరగేసినట్టు తెర తిరగబడింది.
నాలుగో గది తలుపుకి గడియ లేదు.
కూలరు నీళ్లు తుప్పు వాసన.
వంటగదిలో ఒకే పొయ్యి వెలుగుతోంది, ముప్పై మందిమి.
ఒకటైతే
"సార్" అని మొదలై
అక్కడే ఆగిపోయింది.

అబూ నాసర్ ఫోన్ చేశాడు, ఎర్రవన్నీ ఏమయ్యాయని.
"ఉన్నాయి సార్, కింద."
"కిందా?"
ఆ మాట ఆయన నోట్లో కొత్తగా పలికింది.
సాయంత్రానికల్లా వరస మళ్లీ మార్పించాడు.

అయితేనేం, ఆ రాత్రి లింబాద్రే నిచ్చెనెక్కి
తన మెట్ల మీద తనే బల్బు బిగించుకున్నాడు.
పట్టిన సమయం: పదకొండు నిమిషాలు.
ఎదురుచూసిన రోజులు నాలుగు వందల పన్నెండు,
ఆ లెక్క వెయ్యడానికి గడి లేదు.

చేపలు బతికే ఉన్నాయి.
తోట మళ్లీ కాపుకొచ్చింది.

ఇవాళ ఇంటికి బయల్దేరుతూ
కంప్యూటరు ఆపబోయి ఆగాను.
ఆ "సార్" టికెట్ తెరిచాను.
ఏం పనో తెలీదు. ఎవరో తెలీదు.
ఒక నంబరుంది, అంతే.
గడువు గడిలో ఇవాళ్టి తేదీ కొట్టి
నంబరు నొక్కాను.

అవతల మోగుతోంది.