ఆకలి లేని వేళ

మూడు చుక్కలు పొడిచాయని
ఎదురింటి మేడ మీంచి యాంకెల్ కేకేసేవాడు.
ఆంట్వెర్ప్ ఆకాశంలో మాకు చుక్కలెక్కడివి,
రైలుకట్ట మీద దీపాలే.
వాడి మాట నమ్మి
అల్లిన కొవ్వొత్తిని ద్రాక్షారసంలో ముంచి ఆర్పేవాళ్ళం.
లవంగాల డబ్బీ ముక్కు నుంచి ముక్కుకి తిరిగేది.
అయింది, ఇక వారం మొదలు.

కాదనేవాడు నాన్న.
రాణిగారింకా గుమ్మంలోనే ఉన్నారు.
వచ్చేటప్పుడు ఎదురెళ్ళినవాళ్ళం
పోయేటప్పుడు మొహమ్మీద తలుపేస్తామా?
పట్టుకోటు విప్పేవాడు కాదు.
మధ్యాహ్నపు గిన్నెలు అమ్మని ముట్టుకోనిచ్చేవాడు కాదు.
మళ్ళీ తెల్లగుడ్డ, మళ్ళీ రెండు దీపాలు,
మళ్ళీ రొట్టె, అదీ వేడిగా,
మళ్ళీ నీళ్ళు, పొగలు కక్కుతూ.
సబ్బాతు వెళ్ళాక కాగిన నీళ్ళు మందట.

ఎవరికి ఆకలి?
పొద్దుటి చోలెంట్, ఆ బీన్సూ బంగాళాదుంపా
కడుపులో ఇంకా పడకేసి ఉండేవి.
ఫైవెల్ కూర్చున్నచోటే తూగేవాడు.
వాడి పెడతల కింద వేలు పెట్టి చూపేవాడు నాన్న:
ఇక్కడ, బార్లీ గింజంత ఎముక. లూజ్ అంటారు.
ఆదాము ఆ పండు కొరికింది శుక్రవారం.
ఒళ్ళంతా తింది, ఇదొక్కటీ తినలేదు.
వారానికొక్కసారి, ఈ రాత్రే, ఈ ముద్దే దీని తిండి.
నిప్పులో వేస్తే కాలలేదు,
తిరగలిలో వేస్తే నలగలేదు,
దాగలి మీద పెట్టి కొడితే
దాగలి చీలింది, సుత్తి విరిగింది.
రేపు మట్టిలోంచి మనని లేపేది దీన్ని పట్టుకునే,
పులిసిన ముద్ద పిండినంతా పొంగించినట్టు.

నాన్న పని వజ్రాలు చీల్చడం.

ఆ చలికాలం, శుక్రవారం, పన్నెండు గంటలకి
వైస్‌బ్రాడ్ గారి రాయి.
మూడు వారాలు దాని పొర చదివాడు.
గాడి పెట్టాడు, కత్తి ఆనించాడు, ఒక్క దెబ్బ.
రెండు కావాల్సింది
బల్ల కింద ఎన్నయిందో వెతికి ఏరాల్సి వచ్చింది.

సబ్బాతునాడు అప్పు మాట ఎత్తకూడదు.
ఇద్దరూ ఎత్తలేదు.
పాడాల్సినవి పాడారు.
ఒకరికొకరు ఉప్పందించుకున్నారు.

శనివారం చీకటి పడింది. యాంకెల్ కేకేశాడు.
అమ్మ గుడ్డ పరవలేదు.
దావీదు కథ మాకు తెలుసు:
సబ్బాతునాడే పోతావని దేవుడు చెప్పాక
ఆ రాజు ప్రతి శనివారం రాత్రీ
ఈ వారానికి గండం గడిచిందని విందు చేసేవాడు.
"గడిచిందని ఎవరు చెప్పారు?" అంది అమ్మ
మూకుడు వైపు చూస్తూ.
"మనమేం దావీదులమా?"

నాన్న జవాబు చెప్పలేదు.
నీళ్ళు తనే పడేశాడు.
గుడ్డ తనే పరిచాడు, తిరగేసి,
కుట్లు పైకి కనబడేలా.
మిగిలిన రొట్టె తునక మంట మీద అటూ ఇటూ తిప్పి
వేళ్ళు కాల్చుకున్నాడు.
అప్పుడు మా అందరి ముందూ,
మేం ఎన్నడూ చూడనిది,
అమ్మ తలగుడ్డ అంచు కింద
మెడ వెనక చెయ్యి వేశాడు.
"రాయి విరుగుతుంది గిట్లా. రాయి కదా.
ఎక్కడ విరగాలో దానికి ముందే తెలుసు."
వేలు అక్కడే ఉంచాడు.
"ఇక్కడ నాకు గాడి దొరకడం లేదు."

అమ్మ చాలాసేపు కదల్లేదు.
తర్వాత, "గుడ్డ తిరగబడింది," అంది.
లేచి సరిచేసింది.
ఆలివ్ కాయంత రొట్టె, తలా ఒకటి.
ఆ రాయి అప్పు పదకొండేళ్ళు తీర్చాం.

ఇది జూన్. సబ్బాతు వెళ్ళేసరికి పదకొండు దాటింది.
యాంకెల్ లేడు. ఫోన్ చెప్తుంది వేళ.
కళ్ళు మూతలు పడుతున్నాయి,
పెద్ద గౌను ఇంకా ఒంటి మీదే ఉంది.
గిన్నెలో ఒక్క గుడ్డు,
మరుగుతున్న నీళ్ళలో అంచుకి కొట్టుకుంటోంది.
నాకు ఆకలి లేదు.
దానికి ఉంది.